షార్లెట్ అల్లిన మాటలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యపు కొనను, అట్లాంటిక్ సముద్రతీరమున, మెయిన్ అను రాష్ట్రము కలదు. అచటి శీతకాలము దీర్ఘమైనది. నేల వారముల తరబడి మంచుతో కప్పబడి యుండును. ఆ రాష్ట్రములోని నార్త్ బ్రూక్లిన్ అను పల్లెలో ఇ. బి. వైట్ అను రచయిత 1933 వ సంవత్సరమున కొంత భూమిని, ఒక యింటిని, పశువులకొట్టమును కొనెను. వైట్ 1899 లో జన్మించెను. న్యూయార్కు నగరమున వెలువడు 'ది న్యూయార్కర్' పత్రికలో వ్యాసములు వ్రాసి, తేటయైన వచనమునకు పేరొందినవాడు. 1938 లో ఆయన నగరమును విడిచి సకుటుంబముగా ఆ పల్లెకు చేరెను. గొఱ్ఱెలను, కోళ్ళను, బాతులను, పందులను తానే మేపుచు, తీరిక దొరకినపుడు వ్రాసికొనుచు కాలము గడపెను.

వసంతమున పందిపిల్లను కొనుట, వేసవి యంతయు దానిని మేపుట, చలి ముదిరిన పిమ్మట మాంసమునకై వధించుట ఆ ప్రాంతపు రైతుల వాడుక. వైట్ కూడ అట్లే చేయుచుండెను. 1947 లో ఆయన పెంచుచున్న పంది జబ్బుపడెను. అది మేత ముట్టలేదు. ఆయన దానికి ఆముదము త్రాగించెను, పశువైద్యుని పిలిపించెను, రాత్రులు నిద్ర మాని దాని చెంత కూర్చుండెను. అయినను పంది దక్కలేదు. మఱుసటి యేడు, అనగా 1948 లో, ఆయన ఆ పంది మరణమును గూర్చి 'అట్లాంటిక్' మాసపత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను.

ఇచట ఒక చిక్కు కలదు. కొలదివారములైన పిదప తానే చంపింపనున్న జంతువును బ్రదికించుటకు ఆయన యేల అంత పాటుపడెను? చంపుటకే పెంచితిమి గదా, దానంతట అది చచ్చినచో దుఃఖ మెందులకు? వైట్ ఈ ప్రశ్నను దాటవేయలేదు. రోజూ కుడితి పోసిన చేయియే తుదకు కత్తి పట్టుట ఆయనకు మనసున ముల్లువలె గ్రుచ్చుకొనుచుండెను. నిజమైన పందిని కాపాడలేకపోయెను. కథలోనైనను ఒక పందిని కాపాడవలెనని ఆయనకు తోచెను. అయితే కాపాడువా రెవరు?

దానికి బదులు ఆ కొట్టములోనే దొరకెను. ఒక శరత్కాలమున కొట్టపు చూరుక్రింద ఒక సాలెపురుగు గ్రుడ్లసంచి నల్లుచుండగా వైట్ చూచెను. పిమ్మట సాలెపురుగు కనబడలేదు. ఆయన ఆ సంచిని మెల్లగా కోసి, ఒక మిఠాయి పెట్టెలో నుంచుకొని, న్యూయార్కునకు వెళ్ళునపుడు వెంట తీసికొనిపోయి, తన గదిలోని బల్లపై పెట్టి మఱచెను. కొన్ని వారములకు పెట్టెమూత బెజ్జముల నుండి కంటికి ఆనీ ఆనని చిన్నపిల్లలు వందలకొలదిగా వెలువడి, ఆయన అద్దమునకును తల దువ్వుకొను బ్రష్షునకును నడుమ దారములు కట్టసాగెను. ఇంటి పనిమనిషికి ఆ బల్లను తుడుచుట కష్టమగువఱకు ఆయన వానిని అట్లే ఉండనిచ్చెను. ఊరక చూచి ఊరకుండక, సాలెపురుగులను గూర్చిన శాస్త్రగ్రంథములు చదివెను. న్యూయార్కులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో ఆ విద్య నెఱిగిన శాస్త్రజ్ఞుని కలిసి సందేహములు తీర్చుకొనెను. తుదకు 1952 అక్టోబరులో 'షార్లెట్స్ వెబ్' అను నవల వెలువడెను. షార్లెట్ అనునది ఒక సాలెపురుగు పేరు; వెబ్ అనగా సాలెగూడు. గార్త్ విలియమ్స్ అను చిత్రకారుడు దానికి బొమ్మలు వేసెను.

మన భాషలో సాలె యనగా నేతపని చేయువాడు. ఆ పురుగునకు దాని వృత్తినిబట్టియే మనవారు పేరు పెట్టిరి. ఇంగ్లీషులోని 'స్పైడర్' అను మాటయు నూలు వడకుట యను అర్థము గల ధాతువునుండియే పుట్టినది. ఇంత దూరపు రెండు భాషలు ఒకే గుణమును చూచి పేరుపెట్టుట నాకు ముచ్చట గొల్పును.

ఇక కథ. ఫెర్న్ అను ఎనిమిదేండ్ల బాలిక ఒకనాటి ఉదయమున తండ్రి గొడ్డలి తీసికొని వెళ్ళుట చూచును. రాత్రి పంది ఈనినది. పిల్లలలో ఒకటి మిక్కిలి బక్కది, అది బ్రదుకదు గనుక చంపవలెనని తండ్రి తలంచెను. ఫెర్న్ తడిగడ్డిలో పరుగెత్తి గొడ్డలి పట్టుకొనును. నేను పుట్టినపుడు బక్కగా నుండినచో నన్నును చంపియుందురా యని అడుగును. తండ్రికి జవాబు తోచలేదు. పందిపిల్లను కూతునకే ఇచ్చెను. ఆమె దానికి విల్బర్ అని పేరు పెట్టి, పాలసీసాతో పాలు పట్టి పెంచెను. ఐదు వారములైన పిదప తండ్రి దానిని అమ్మివేయుమనగా, సమీపముననే యున్న జకర్మన్ మామ ఆరు డాలర్లకు కొనెను. ఫెర్న్ బడి విడిచిన పిమ్మట మామ కొట్టమునకు పోయి, ఒక పాత ముక్కాలిపీటపై కూర్చుండి విల్బరును చూచుచుండెడిది.

కొట్టములో విల్బరునకు తిండికి లోటు లేదు, తోడునకే లోటు. వాన కురియుచున్న ఒక దినమున దానికి దిగులు పుట్టెను. ఆడుకొందము రమ్మని పెద్దబాతును పిలిచెను. అది గ్రుడ్లపై కూర్చున్నది, లేవదు. గొఱ్ఱెపిల్లను పిలిచెను, అది పందులతో తనకు పని లేదని మొగము చాటు చేసికొనెను. ఎలుక పేరు టెంపుల్టన్. దానికి ఆట తెలియదు, తిండియే తెలియును. విల్బర్ పెంటలో పడి ఏడ్చెను. ఆ రాత్రి చీకటిలో పైనుండి ఒక సన్నని గొంతు, నీకు నేను స్నేహితురాలి నగుదునని పలికెను. తెల్లవాఱిన పిమ్మట చూడగా అది గుమ్మము మూలను గూడు కట్టిన బూడిదరంగు సాలెపురుగు.

వ్యాకరణమున సాలెపురుగు అమహద్వాచకము. ఇకమీదట షార్లెట్టును నేను 'అది' యని వ్రాయవలెను. కాని కథ చదివినవాడ నగుటచే నా కలము దాని కొప్పుకొనదు. ఆమె యనియే వ్రాయుదును.

మొదటినాడే ఆమె విల్బర్ కన్నులయెదుట ఒక ఈగను పట్టి, దారముతో చుట్టి, దాని రక్తము త్రాగుదునని చెప్పెను. విల్బర్ భయపడెను. ఇంత క్రూరురాలు నాకు దొరకిన స్నేహితురాలా యని దుఃఖించెను. నేను పనిలో నున్నప్పుడు ఈ కథను ఎనిమిదవ తరగతి పిల్లలకు చెప్పగా, ముందు బల్లపై కూర్చున్న ఒక బాలిక లేచి, "ఈగలను చంపుచున్నది గదండీ, మఱి సాలెపురుగు మంచి దెట్లగును?" అని అడిగెను. ఆనాడు నాకు వెంటనే జవాబు రాలేదు. గంట కొట్టుటచే బ్రదికిపోతిని. వైట్ మాత్రము ఆ ప్రశ్నను షార్లెట్ నోటనే తీర్చెను. ఆమె సిగ్గుపడలేదు, బొంకలేదు. తన తల్లియు, తల్లితల్లియు ఇట్లే బ్రదికిరనియు, తనకు కుడితి తెచ్చి పోయువారు లేరనియు, తెలివిచేతనే ఆహారము సంపాదించుకొనవలెననియు చెప్పెను. సాలెపురుగులు ఈగలను తినకున్నచో ఈగలు లోకమును నింపివేయుననియు చెప్పెను. నవలలోని జంతువులు మాటలాడును గాని, తమ స్వభావమును విడిచిపెట్టవు. సాలెపురుగు సాలెపురుగుగానే ఉండును. ఎలుక ఎలుకగానే ఉండును. మఱునాడు ఆ బాలికకు ఈ మాటలు చెప్పితిని. ఆమె తలయూపెనే గాని పూర్తిగా ఒప్పుకొన్నట్లు కనబడలేదు. అదియు మంచిదే.

కొన్నాళ్ళకు ముసలిగొఱ్ఱె విల్బరునకు ఒక వార్త చెప్పెను: నిన్ను ఇంతగా మేపుట నిన్ను లావెక్కించుటకే, చలికాలమున క్రిస్మస్ నాటికి చంపుదురు. విల్బర్ నేలబడి, నాకు చావవలెనని లేదని మొఱ్ఱపెట్టెను. షార్లెట్ మెల్లగా, నేను నిన్ను కాపాడుదును అనెను. ఎట్లో ఆమెకును తెలియదు. వ్రేలెడైనను లేని పురుగు, దృష్టియు అంతంతమాత్రము. చుట్టును గొడ్డలియు తుపాకియు గల మనుష్యులు. ఆమె గూటినడుమ తలక్రిందుగా వ్రేలాడుచు దినముల కొలది ఆలోచించెను. తనకు వచ్చిన పని ఒక్కటే, నేయుట. దానితోడనే ఏదియో చేయవలెను.

ఒక మంచు ఉదయమున కూలివాడు కుడితి తెచ్చి, కొట్టపు గుమ్మమున నిలిచిపోయెను. సాలెగూడు మంచుబిందువులతో తళతళ మెఱయుచుండెను. దాని నడుమ, ఇది సామాన్యమైన పంది కాదు అను అర్థము నిచ్చు రెండు మాటలు అక్షరాలుగా అల్లబడి యుండెను. వాడు చేతిలోని బాల్చీ క్రింద పెట్టి మోకరిల్లెను. జకర్మన్ వచ్చి చూచి, యింటికి పోయి, మన పంది సామాన్యమైనది కాదని భార్యకు చెప్పెను. ఆమె కొంత ఆలోచించి, నాకు సాలెపురుగే అసామాన్యమని తోచుచున్నది అనెను. భర్త వినలేదు, సాలెపురుగు మామూలుదే, పందియే గొప్పది, అచట వ్రాసియున్నది గదా యనెను. నవల యంతటిలోను నేను మిక్కిలి నవ్వుకొనిన చోటు ఇదియే. అచ్చులో కనబడిన మాటను జనులు ఎంత తేలికగా నమ్ముదురో వైట్ ఎఱుగును. ఆయన పత్రికలలో పనిచేసినవాడు. వార్త ఊరూర ప్రాకెను. బండ్లు, కార్లు బారులు తీరెను. ఆదివారము చర్చిలో మతాచార్యుడు దానిని గూర్చి ప్రసంగించెను. సాలెపురుగును మాత్ర మెవ్వరును తలపలేదు.

జనుల ఆసక్తి చల్లారకుండ కొత్త మాటలు కావలెను. షార్లెట్ జంతువుల సభ చేసి సలహా అడిగెను. అద్భుతము అను అర్థము గల మాటను పెద్దబాతు సూచించెను. తరువాతి మాటలకై చెత్తకుప్పలో తిరుగు టెంపుల్టన్ కాగితపు ముక్కలు తెచ్చెను. ఎలుక ఊరక తేలేదు. పందితొట్టిలోని మిగులు తిండి తనదియే గదా యని గుర్తుచేసినందుననే తెచ్చెను. ఒక ముక్కపై కరకరలాడునది అను అర్థము గల మాట యుండెను. షార్లెట్ వలదనెను: పందిని చూచి కరకరలాడు తిండిని తలచుకొన్నచో మన పని యంతయు చెడును! ఇంకొక ముక్క బట్టలకు సంబంధించినది; అదియు పనికిరాదు. సబ్బుపొడి పెట్టె ముక్కపై కాంతివంతము అను అర్థము గల మాట దొరకెను. ఆమె వెంటనే అల్లలేదు. విల్బరును అటునిటు పరుగెత్తుమనియు, గంతులు వేయుమనియు చెప్పి, ఆ మాట వానికి తగునో తగదో పరీక్షించి చూచెను. చిత్రమేమనగా, గూటిలో ఏ మాట కనబడిన ఆ మాటకు తగినట్లు కనబడవలెనని విల్బరును ప్రయత్నించుచుండెను.

విద్యార్థులారా, మాటను ఎట్లు ఎంచుకొనవలెనో నేను ముప్పదియేండ్లు తరగతిగదులలో చెప్పితిని. ఈ ఘట్టము నాకంటె బాగుగా చెప్పినది. ఒక్కొక్క అక్షరమునకు ఎన్ని దారములు లాగవలెనో, ఏవి జిగురుగలవో ఏవి పొడివో చూచుకొనుచు రాత్రియంతయు శ్రమించువారు మాటను వ్యర్థముగా వాడరు. సాలెగూటిలో నడుమనుండి అంచులకు పోవు దారములు పొడివి, చుట్టును తిరుగు దారములు జిగురువి యనుట శాస్త్రసత్యమే. వైట్ కల్పించినది కాదు.

చిన్నయసూరి 1853 లో ప్రకటించిన 'నీతిచంద్రిక' లోని మిత్రలాభమును మీరు వినియుందురు. అందు కాకియు, ఎలుకయు, తాబేలును, లేడియు స్నేహితులగును. కాకి స్నేహము కోరినపుడు ఎలుక, నీవు తినువాడవు, నేను తినబడువాడను, మనకు పొత్తెట్లు కుదురునని సందేహించును. అచట వేటగాని వల బంధించినది. ఎలుక పండ్లతో దానిని కొఱికి మిత్రులను విడిపించెను. ఇచట వలయే ప్రాణము నిలిపినది. మఱియొక భేదమును గమనింపుడు. ఆ నలుగురిలో ఒకరి కష్టమునకు ఒకరు అడ్డుపడుదురు. విల్బర్ షార్లెట్టునకు చేయగలిగిన దేమియు లేదు. ఇంత యేల చేసితివి, నే నేమియు చేయలేదే యని ఆ పందియే తుదకు అడుగును. మన దేశపు సాలెపురుగు కథయు ఒకటి జ్ఞాపకము వచ్చుచున్నది. శ్రీకాళహస్తి అను పేరులో శ్రీ యనగా సాలెపురుగు. అది శివునకు తన దారముతోడనే మందిరము కట్టెనని స్థలపురాణము. ధూర్జటి దానిని కావ్యముగా రచించెను. అదియు తనకు వచ్చిన పనినే అర్పించినది.

శరత్కాలమున ఆ జిల్లాలో ఒక ప్రదర్శన జరుగును. మన పశువుల సంతయు తిరునాళ్ళును కలిసినట్లుండును: ఒకవైపు పోటీకి తెచ్చిన పశువులు, ఒకవైపు రంగులరాట్నములు, మిఠాయి అంగళ్ళు. విల్బరునకు మజ్జిగతో స్నానము చేయించి కఱ్ఱపెట్టెలో ఎక్కించిరి. షార్లెట్టును టెంపుల్టనును ఆ పెట్టెలోనే దాగి వెళ్ళిరి. ప్రక్కదొడ్డిలో ఇంకను పెద్ద పంది యొకటి కలదు. మొదటి బహుమతి దానికే వచ్చెను. షార్లెట్ ఆ రాత్రి కడపటి మాట నల్లెను. అది వినయము గలది అను అర్థము నిచ్చును. అదే రాత్రి ఆమె తన గ్రుడ్లసంచిని కట్టెను. అందు 514 గ్రుడ్లు. మఱునాడు విల్బరునకు ప్రత్యేకమైన పతకమును 25 డాలర్ల బహుమానమును ఇచ్చిరి. ఇక వానిని చంపువారు లేరు. వాడు సంతోషము పట్టలేక మూర్ఛపోగా, టెంపుల్టన్ తోక కొఱికి లేపెను.

ఇచట ముగిసినచో అది బాగుగా ముగిసిన కథయే యగును. కాని వైట్ కొట్టములోని సాలెపురుగును చూచినవాడు. ఆ జాతి ఆడుసాలెపురుగు శరత్తున గ్రుడ్లు పెట్టిన పిదప బ్రదుకదు. షార్లెట్ అలసిపోయినది, తిరిగి యింటికి రాలేనని విల్బరునకు చెప్పెను. ఆమెను కొట్టమునకు చేర్చు దారి లేదు. అంతవఱకు సాయము పొందుటయే తెలిసిన విల్బర్ అపుడు తొలిసారి తానై ఒక పని చేసెను. గ్రుడ్లసంచిని తెచ్చియిమ్మని టెంపుల్టనును బ్రతిమాలెను. ఎలుక మొండికెత్తగా, ఇకమీదట నా తొట్టిలో నీవు కడుపునిండ తినిన పిమ్మటనే నేను తినెదనని మాట యిచ్చెను. పందికి అంతకుమించిన త్యాగము లేదు! ఎలుక సంచిని తెంపి తెచ్చెను. విల్బర్ దానిని నాలుకపై నుంచుకొని, నోరు మూసికొని, పెట్టె యెక్కెను. నోరు తెఱవరాదు గనుక వీడుకోలు చెప్పుటకును వీలు కాలేదు, కన్ను గీటెను. షార్లెట్ మిగిలిన బలమంతయు కూడగట్టుకొని ముందుకాలొకటి ఊపెను. మఱునాడు, జనము వెళ్ళిపోయిన ఆ మైదానమున, ఆమె మరణించెను. అప్పుడు ఆమె దగ్గఱ ఎవరును లేరు.

ఫెర్న్ ఆ సమయమున రంగులరాట్నపు చెంత తన యీడు బాలునితో నుండెను. కొందఱు పాఠకులు ఆమెపై కోపించిరని వింటిని. నే నట్లు కోపింపలేను, పిల్లలు పెరుగుదురు.

చలికాలమంతయు విల్బర్ ఆ సంచిని పెంటలో వెచ్చని చోట నుంచి, రాత్రులు తన ఊపిరితో కాచెను. వసంతమున పిల్లలు వెలువడెను. వాని రాకకై ఎదురుచూచిన విల్బరునకు సంతోషము నిలువలేదు. వెచ్చని గాలి వీచిన ఒకనాడు అవి ఒక్కొక్కటిగా సన్నని దారపుపోగులు గాలిలోనికి వదలి, వానిని పట్టుకొని ఎగిరిపోవసాగెను. నిజముగానే సాలెపురుగుపిల్లలు ఇట్లు గాలిదారిని క్రొత్త చోట్లకు పోవును. విల్బర్ ఏడ్చి ఏడ్చి నిద్రపోయి, లేచునప్పటికి ముగ్గురు మాత్రము గుమ్మమున గూళ్ళు కట్టుచుండిరి. వారును, వారి పిల్లలును, ఆ పిల్లల పిల్లలును ఏటేట వానికి తోడైరి. షార్లెట్ స్థానము మాత్రము ఎవరికిని రాలేదు.

ఈ నవల కొఱకు వైట్ తన కొట్టములో చూచినదే వ్రాసెను. అది 1985 లో ఆయన మరణించిన పిమ్మటను అనేక భాషలలో చదువబడుచున్నది. 1970 లో దానిని ఆయనయే చదువగా రికార్డు చేసిరి. అప్పటికి ఆయనకు డెబ్బదియేండ్లు దాటెను. వ్రాసినది తానే, ఏ పుటలో ఏమి జరుగునో ఆయనకు తెలియనిది కాదు. షార్లెట్ మరణించు చోటికి వచ్చునప్పటికి గొంతు పూడుకొనిపోయెను. ఆపి, మరల మొదలుపెట్టెను, మరల ఆగెను. పదిహేడవసారి గాని ఆ భాగము పూర్తి కాలేదని రికార్డు చేసినవారు తరువాత చెప్పిరి.